కమాను తిరిగే చోటు

రాత్రి గిన్నెలు సర్దేశాక కంప్యూటర్ తెరిచి అయిదు గీతల మీద స్వరాలు ఎక్కించుకుంటూ కూర్చోవడం ఈమధ్య అలవాటైంది నాకు. వయొలిన్, వయోలా, చెల్లో నేర్చుకుంటున్న పిల్లలు కొందరు ఆదివారాలు ఒకచోట చేరి వాయిస్తారు. ఎవరి పార్టు వాళ్లకి విడదీసి, అచ్చుతీసి ఇచ్చే పని నాది. అందులో ఒక సుఖం ఉంది. ఖాళీ గీతల మీద నల్లటి చుక్కలు ఒక్కొక్కటే వచ్చి కూర్చోవడం, వాటి కాడలు వాటంతటవే పైకో కిందికో తిరగడం, బార్ నిండగానే నిలువు గీత పడడం - చూస్తూ ఉండిపోవచ్చు. ఒక్క మీట దగ్గర మాత్రం చెయ్యి ఆగుతుంది. రెండు స్వరాలు ఎంచుకుని ఎస్ నొక్కితే వాటి మీద సన్నటి వంపు గీత పడుతుంది. దాన్నే స్లర్ అంటారు. సిబేలియస్‌లోనూ ఎస్సే, మ్యూజ్‌స్కోర్‌లోనూ ఎస్సే, డోరికోలోనూ ఎస్సే. ఆ వంపు ఏ స్వరం మీద మొదలవ్వాలి, ఏ స్వరం మీద ఆగాలి అన్నది నేను చెప్పాలి. 'ఇక్కడెక్కడో' అంటే కుదరదు. ఆ 'ఇక్కడెక్కడో'కి ఈ సాఫ్ట్‌వేర్లలో చోటు లేదన్న సంగతి చాలా రోజులుగా నన్ను గిల్లుతోంది. ఒక వంపు గీత కోసం ఎందుకింత పట్టింపు అని నన్ను నేనే అడుగుతుంటాను.

పియానో వాయించేవాళ్లకి ఆ గీత ఒక భావం. ఈ స్వరాలన్నీ ఒక మాటగా, ఎడం లేకుండా పలకాలి అని చెబుతుంది. తీగల వాళ్లకి అలా కాదు, అది కుడిచేతికి ఇచ్చిన ఆజ్ఞ. వంపు కింద ఉన్నవన్నీ కమాను ఒక్క లాగుడులో రావాలి, వంపు ముగిసిన చోట కమాను వెనక్కి తిరగాలి. వయొలిన్ కమాను పొడవు 75 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. గుర్రపు వెంట్రుకలు పరుచుకున్న మేర ఇంకా తక్కువ, 65 దాకా ఉంటుందేమో. గట్టిగా వాయించాలంటే ఆ 65 సెంటీమీటర్లు ఇట్టే ఖర్చయిపోతాయి. మెల్లగా వాయిస్తే కాస్త ఎక్కువసేపు వస్తాయి. అంటే వయొలిన్ వాయించేవాళ్లు ఎప్పుడూ ఒక లెక్కలో ఉంటారు: ఇంకా ఎంత కమాను మిగిలింది, ముందు ఎన్ని స్వరాలున్నాయి. సాఫ్ట్‌వేర్‌కి ఈ లెక్క పట్టదు. పెద్ద ధ్వనితో పది బార్ల పొడుగు స్లర్ పెట్టి ప్లే నొక్కండి, తెరలోని వయొలిన్లు చక్కగా, అలుపులేకుండా వినిపిస్తాయి. వాటి కమానుకి చివర లేదు. వయొలిన్‌లో అన్నిటికంటే కింది తీగ జి. ఆ తీగ మీద తప్ప ఇంకెక్కడా దొరకని రెండు స్వరాల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి రెండూ ఒకేసారి మోగాలని రాసినా అది కాదనదు, మోగించి చూపిస్తుంది. వాయిద్యం అందుకోలేనంత కిందికో పైకో వెళ్తే స్వరాన్ని ఎర్రగా చేసి హెచ్చరిస్తుంది గానీ, ఒక తీగ మీద ఒక సమయంలో ఒక్క స్వరమే పలుకుతుందన్న ఇంగితం మామూలుగా దానికి ఉండదు. వినికిడి ఉంది, ఒళ్లు లేదు. దాన్ని తప్పుపట్టడం న్యాయమా? కాగితానికి మాత్రం ఒళ్లెక్కడిది?

ఈ అనుమానం బాఖ్ దగ్గర ముదిరింది. పిల్లల కోసం ఆయన చెల్లో సూట్లలో మూడోదాని నుంచి బూరే అనే నృత్య భాగం తీసుకుని నాలుగు పార్టులుగా సర్దుతున్నాను. ఆరు సూట్లవి. 1720 ప్రాంతాల్లో, ఆయన కోతెన్‌లో కొలువు చేస్తున్న రోజుల్లో పుట్టాయంటారు. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి మిగల్లేదు. సోలో వయొలిన్ రచనలకు మాత్రం 1720 నాటి స్వహస్త ప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఆ పేజీల నకళ్లు చూసినవాళ్లు మర్చిపోలేరు: స్వరాల్ని కలిపే అడ్డుపట్టీలు తిన్నగా ఉండవు, చెయ్యి ఊపుతో పాటు ఒంపులు తిరుగుతాయి. చెల్లో సూట్లకి ఆ భాగ్యం లేదు. మనకున్న ముఖ్యమైన ప్రతి ఆయన భార్య అన్నా మాగ్దలేనా 1730కి కొంచెం ముందువెనకల ఎత్తి రాసింది. యోహాన్ పీటర్ కెల్నర్ అనే ఆర్గనిస్టు రాసుకున్న ప్రతి ఇంకొకటి. రెండింటికీ స్వరాల్లో కంటే స్లర్లలోనే పేచీ ఎక్కువ. అన్నా మాగ్దలేనా కలం స్లర్ పెట్టిన తీరు చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. వంపు స్వరాల మీద కాస్త కుడికి జరిగి తేలుతూ ఉంటుంది. ఒకచోట మూడు స్వరాల మీద ఉన్నట్టుంటుంది, అదే వరస మళ్లీ వచ్చినప్పుడు నాలుగింటి మీద. మొదటి సూట్ ప్రెల్యూడ్ తొలి బార్‌లోనే వంపు మూడింటికా నాలుగింటికా అన్న వాదన నేటికీ తెగలేదు. ఈ సూట్లకి వందకు పైగా ముద్రణలు ఎందుకొచ్చాయంటే ప్రధానంగా ఈ వంపుల వల్లే. ఒక్కో చెల్లో విద్వాంసుడు తన కుడిచేతిని నమ్మి వాటిని తేల్చుకున్నాడు.

ఆవిడ ఆ ఇంటి పనుల మధ్య, అంత మంది పిల్లల మధ్య రాసింది కాబట్టి అజాగ్రత్త అనేవాళ్లున్నారు. ఏమో. బాఖ్ ఇంట్లో ఉన్నవాళ్లకి ఆ వంపు 'ఇక్కడ కలిపి వాయించు' అని గుర్తుచేస్తే చాలేమో. ఎన్ని స్వరాలు అన్నది వాయించేవాడి చేతికి తెలిసే ఉంటుందేమో. నా పని ఎస్ నొక్కడం. నొక్కగానే 'మూడా, నాలుగా' అని తేలిపోతుంది. ఆవిడ కలం ఇంచుమించు మూడు వందల ఏళ్లుగా తేల్చకుండా ఉంచిన విషయాన్ని నేను గిన్నెలు తుడిచిన చేత్తో క్షణంలో తేల్చేస్తున్నాను. ఎవరిచ్చారు ఈ అధికారం?

చిన్నప్పుడు నాకు ఫిడేలు నేర్పిన మాస్టారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు ఎత్తకుండా ఆయన పాఠం ముగిసేది కాదు. చాప మీద కూర్చుని, ఫిడేలు తల పాదం మీద ఆనించుకుని వాయించడమే నేను ఎరిగిన పద్ధతి. మా నోటు పుస్తకాల్లో స్వరాలుండేవి, సాహిత్యం ఉండేది, తాళం గుర్తులుండేవి. కమాను ఎటు లాగాలో ఎక్కడా ఉండేది కాదు. "మాటని విరవకమ్మా, మాట మధ్యలో కమాను తిప్పకు" అనేవారు, అంతే. సాహిత్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ కమాను తిరగాలి. అది రాయాల్సిన విషయమని ఆయనకెప్పుడూ తోచలేదు. తరవాత ఎప్పుడో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' చేతికొచ్చింది. 1904లో ఎట్టయపురంలో, తెలుగు లిపిలో అచ్చయిన ఉద్గ్రంథం. స్వరాక్షరాల నెత్తిన గమకాల గుర్తులు: కంపితానికొకటి, స్ఫురితానికొకటి, జారుకొకటి. నోటితో నోటికి దిగుతూ వచ్చినదాన్ని అచ్చులో పట్టుకోవాలన్న ఆ తాపత్రయానికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది. కర్ణాటక సంగీతాన్ని యూరోపియన్ స్టాఫ్ నొటేషన్‌లో రాసి ప్రచురించిన చిన్నస్వామి ముదలియార్ ఆయన వెంటపడకపోతే ఆ పుస్తకం ఉండేది కాదంటారు. ఒక వింత చూడండి: ఫిడేలుని మన సంగీతంలోకి తెచ్చినవాళ్లలో మొదటివాడుగా చెప్పుకునే బాలుస్వామి దీక్షితులు ఈ సుబ్బరామ దీక్షితుల్ని దత్తత చేసుకున్న తాతగారు. అయినా ఆ గుర్తులన్నీ స్వరం ఎలా ఊగాలో చెప్పేవే. కమాను ఎక్కడ తిరగాలో చెప్పేవి కావు. ఒంటరిగా, లేదా పాట వెనకాల వాయించేవాడికి ఆ అవసరం లేదు మరి.

పదహారు మంది ఒకేసారి వాయించినప్పుడే ఆ అవసరం వచ్చింది. ఫ్రాన్స్ రాజు కొలువులో లుల్లీ నడిపిన వయొలిన్ దళం కమానులన్నీ ఒకేలా కదిలేవని పేరు. ఆ పద్ధతిని గియోర్గ్ ముఫ్ఫాట్ 1698లో తన సంగీత సంపుటి ముందుమాటలో, లాటిన్, జర్మన్, ఇటాలియన్, ఫ్రెంచ్ నాలుగు భాషల్లోనూ, నియమాలుగా రాసిపెట్టాడు. వాటిలో పెద్దది: బార్‌లో మొదటి స్వరం వీలైనంతవరకు కిందికి లాగే కమానుతో రావాలి. ఇవాళ పార్టుల్లో కనిపించే రెండు గుర్తులు, అడుగులేని చతురస్రంలాంటిది కిందికి లాగమని, వి అక్షరంలాంటిది పైకి నెట్టమని, ఆ క్రమశిక్షణకి వారసులే. కచేరీ చూస్తున్నప్పుడు అన్ని మోచేతులూ ఒక్కసారి లేచి ఒక్కసారి దిగుతుంటే అందంగానే ఉంటుంది, కాదనను. కవాతు చూస్తున్నట్టు కాస్త భయంగానూ ఉంటుంది.

అచ్చు సంగతికొస్తాను. సంగీతాన్ని అచ్చువేయడానికి లైప్‌జిగ్ లాంటి ఊళ్లలో వందేళ్లకు పైగా సాగిన పద్ధతి ఇది: తగరం కలిసిన మెత్తటి లోహపు పలక తీసుకుని, అయిదు మొనలున్న పనిముట్టుతో అయిదు గీతలూ ఒకేసారి గీసి, స్వరాల తలల్నీ క్లెఫ్‌లనీ ఉక్కు ముద్రలతో సుత్తి దెబ్బలతో దించేవాళ్లు. అదంతా అద్దంలో చూసినట్టు తిరగేసి. ఏళ్ల తరబడి నేర్చుకుంటేగాని చేతికి రాని పని. నాకు అన్నిటికంటే నచ్చిన వివరం ఒకటుంది. స్లర్‌కి ముద్ర లేదు. ఏ రెండు స్లర్లూ ఒక పొడవూ ఒక వంపూ ఉండవు కాబట్టి దాన్ని ప్రతిసారీ ఉలితో, చెయ్యి స్థిరంగా పట్టి, మధ్యలో లావుగా చివర్లలో సన్నంగా వచ్చేలా చెక్కాల్సిందే. సంగీతపు అచ్చులో చివరిదాకా చేతిరాతగా మిగిలిన గుర్తుల్లో అదొకటన్నమాట.

1996లో హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ అనే ఇద్దరు డచ్చివాళ్లు లిలీపాండ్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. ఎందుకు మొదలుపెట్టామో వాళ్లు చెప్పుకున్న కథలో ఉదాహరణ మళ్లీ ఈ బాఖ్ చెల్లో సూట్లే. 1950లో బేరెన్‌రైటర్ వాళ్లు పలక మీద చెక్కించి వేసిన పేజీ ఒకవైపు, 2000లో హెన్లె వాళ్లు కంప్యూటర్‌తో కూర్చిన పేజీ ఇంకోవైపు పెట్టి చూపిస్తారు. స్వరాలు అవే. కానీ రెండోదాంట్లో గీతలు సన్నం, అన్నీ ఒకే కొలత, బార్ల గీతలు ఒకదానికింద ఒకటి నిలువుగా వరసకట్టి ఉంటాయి. వాయిస్తూ ఒక్క క్షణం కళ్లు పక్కకి తిప్పి మళ్లీ చూస్తే ఎక్కడున్నామో దొరకదు. మొదటి పేజీలో ప్రతి వరసకీ ఒక ముఖం ఉంది. ఆ ముఖాన్ని లెక్కలతో ఎలా తేవాలన్నదే వాళ్ల తపన. స్టాన్‌ఫర్డ్‌లో లెలాండ్ స్మిత్ 1970లలోనే స్కోర్ అనే ప్రోగ్రామ్‌తో ఇదే దారి పట్టాడు. ఇవాళ మ్యూజ్‌స్కోర్ సంగీత గుర్తుల ఫాంట్‌కి ఆయన పేరే పెట్టారు. డోరికో అన్న పేరు కూడా పదహారో శతాబ్దంలో రోమ్‌లో సంగీతం అచ్చువేసిన వలేరియో డోరికోది. ఉలి పట్టిన వాళ్ల మీద మౌస్ పట్టిన వాళ్లకున్న ఈ భక్తి నాకు ముద్దొస్తుంది. లిలీపాండ్‌లో అంతా అక్షరాలతో టైపుచేసే పనే. అందులో స్లర్‌లు రెండు రకాలు: మామూలు బ్రాకెట్ పెడితే కమాను స్లర్, బ్రాకెట్‌కి ముందు ఏటవాలు గీత చేరిస్తే భావం చెప్పే స్లర్. ఈ తేడా ఒకటుందని ఒప్పుకున్నందుకు సంతోషించాను. సంతోషం అచ్చు తీసేదాకానే. కాగితం మీద రెండూ వంపు గీతలే.

ఈ గొడవ మీద స్వరకర్త బ్రామ్స్, వయొలిన్ విద్వాంసుడు యోహాకిమ్‌ల మధ్య నడిచిన ఉత్తరాలు ప్రసిద్ధం. బ్రామ్స్ వయొలిన్ కన్‌చెర్టోని 1879 జనవరి 1న లైప్‌జిగ్‌లో యోహాకిమ్ వాయించాడు. అదే ఏడాది అది ప్రచురణకర్త సిమ్రాక్ దగ్గర అచ్చుకి వెళ్తున్న సమయంలో చుక్కల మీద స్లర్ పెడితే ఏమిటర్థం అని తగువు. బ్రామ్స్ పియానో మనిషి. చుక్కలకి వంపు వేస్తే స్వరాల్ని కాస్త విడివిడిగా, మెత్తగా పలకమని ఆయన లెక్క. వయొలిన్ వాళ్లకి అదే గుర్తు ఒక్క కమానులో టకటకా కొట్టే స్టకాటో. మీ వాళ్లకి ఈ హక్కు ఎప్పుడొచ్చిందని బ్రామ్స్ నిలదీశాడు. వంపు ఎక్కడ కమాను గురించి, ఎక్కడ భావం గురించి అన్నది తేల్చడం కష్టమేనని యోహాకిమ్ ఓపిగ్గా చెప్పాడు. ఇద్దరూ ఆప్తమిత్రులు. ఆ రచన ఆయన కోసమే రాసింది. చేతిరాత ప్రతిలో యోహాకిమ్ సూచనలు ఇప్పటికీ కనిపిస్తాయి, అది వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. బ్రామ్స్ చాలావరకు తన పట్టు విడవలేదు. ఎవరిది ఒప్పు అని నన్నడిగితే, వాయించేటప్పుడు యోహాకిమ్ పక్షం, వింటున్నప్పుడు బ్రామ్స్ పక్షం.

వాళ్లకున్న ఒక సౌకర్యం మనకి పోయిందని తోస్తుంది. వాళ్ల వాదన నడిచినంతకాలం ఎదురుగా ఉన్నది సిరా మరకల కాగితం. చూస్తేనే తెలుస్తుంది ఇది ఇంకా పనిలో ఉందని. కొట్టేయడానికి, పక్కన రాయడానికి మొహమాటం ఉండదు. ఇప్పుడో? నేను మొదటి రోజు ఎక్కించిన మొదటి ఎనిమిది బార్లు కూడా తెర మీద లైప్‌జిగ్ పలక మీంచి దిగినట్టే మెరుస్తాయి. ఊహకీ నిర్ణయానికీ ఒకటే ముస్తాబు. శుభలేఖలో పడ్డ ముహూర్తాన్ని ఎవరూ ప్రశ్నించనట్టు, పిల్లలు ఆ వంపుల్ని ప్రశ్నించరు. అచ్చు మీద మనకున్న గౌరవం అలాంటిది. ఆ అందం కోసమే కదా రాత్రుళ్లు కూర్చుంటున్నది, మళ్లీ ఆ అందాన్నే అనుమానించడం ఏమిటి?

సాఫ్ట్‌వేర్ చేసే మేలు చెప్పకపోతే అన్యాయం. స్కోర్‌లో ఒక స్వరం దిద్దితే పార్టులోనూ దానంతటదే మారడం 2005లో సిబేలియస్‌లో వచ్చింది. అంతకుముందు ప్రతి పార్టూ వేరే ఫైలే, ఒక్క దిద్దుబాటుని ఎన్ని పార్టులుంటే అన్నిచోట్లా చేసుకోవాలి. ఒకే వరస వయొలిన్లు రెండుగా చీలిపోయి మళ్లీ కలిసే చోట్లని 2018లో డోరికో సొంతంగా సంబాళించడం మొదలుపెట్టింది. పేజీ తిప్పే చోటు మాత్రం ఇప్పటికీ మనిషి చూసుకోవాల్సిందే. ఆర్కెస్ట్రాలో తీగల వాళ్లు ఇద్దరికి ఒక స్టాండ్ చొప్పున కూర్చుంటారు, లోపలివైపు ఉన్నవాళ్లు ఆపి పేజీ తిప్పుతారు. అంటే ఆ క్షణాన దళంలో సగం చేతులు వాయించవు. కుడి పేజీ చివర రెండు బార్ల విరామం దొరికేలా సర్దడం కోసం వరసల్ని ఎన్నిసార్లు ఇరికించి, ఎన్నిసార్లు వదులు చేస్తానో. అదో ఆటలా ఉంటుంది. వాయించేవాళ్ల చేతులకి ఖాళీ సంపాదించే ఆట.

అలా సర్దుతున్నప్పుడే ఒక సంగతి స్పష్టమైంది. పెద్ద ఆర్కెస్ట్రాల్లో తీగల పార్టుల్ని మామూలుగా అచ్చయినట్టుగా వాయించరు. ముందు వరస నాయకుడు కమానులు నిర్ణయిస్తాడు, లైబ్రేరియన్లు వాటిని పెన్సిల్‌తో అన్ని స్టాండ్ల పార్టుల్లోకీ ఎక్కిస్తారు. పెన్నుతో రాస్తే ఊరుకోరు. వచ్చే ఏడు ఇంకో కండక్టర్ వస్తాడు, వేగం మారుతుంది, హాలు మారుతుంది, కమాను మారుతుంది. పాత పార్టుల్లో రబ్బరుతో చెరిపి రాసి, చెరిపి రాసి కాగితం నూగుదేలి ఉంటుంది. అలాంటప్పుడు అచ్చు వేసేవాడు చేయాల్సింది పెన్సిల్‌కి చోటు వదలడం. అయిదు గీతల పట్టీ ఎత్తు 7, 8 మిల్లీమీటర్లకు తగ్గకుండా, వరసకీ వరసకీ మధ్య ఒక మనిషి ఆలోచన మార్చుకునేంత ఎడం ఉంచడం. ఈమధ్య టాబ్లెట్లు వచ్చి ఆ పెన్సిల్ కూడా తెర మీదికెక్కింది. అక్కడా చెరపడం ఉండడమే నయం.

అన్నట్టు, 1988 నుంచి ఎందరో నమ్ముకున్న ఫినాలే అనే ప్రోగ్రామ్‌ని 2024 ఆగస్టులో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అందులో ఎన్ని వేల స్కోర్లు ఉండిపోయాయో ఊహించలేను. పెన్సిల్ గీతలున్న కాగితాలు మాత్రం ఏ కంపెనీనీ అడగకుండా తెరుచుకుంటాయి. ఇది గెలుపని చెప్పడం లేదు, చెదలకి కంపెనీ అక్కర్లేదని నాకూ తెలుసు.

బూరే పార్టుల్లో చివరికి సగానికి పైగా స్లర్‌లు తీసేశాను. రెండు ప్రతులూ స్పష్టంగా ఒప్పుకున్నచోట ఉంచాను. అనుమానం ఉన్నచోట ఏమీ పెట్టకపోతే పిల్లలు బొత్తిగా బెంబేలెత్తుతారేమోనని కొన్నిచోట్ల చుక్కల గీతతో వంపు పెట్టాను. సంపాదకుడి సూచన అని చెప్పడానికి వాడే పద్ధతి అది, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క టిక్కు. ఆదివారం పార్టులు పంచాక రెండో స్టాండ్ దగ్గర కూర్చునే వయోలా పిల్ల, పన్నెండేళ్లుంటాయేమో, కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"ఆంటీ, ఈ చుక్కల గీతలేంటి? బాఖ్ పెట్టినవా, మీరు పెట్టినవా?"

"నావే. నచ్చకపోతే వేరేగా వాయించొచ్చు."

"మరి ఈ నిండు గీతలో?"

"అవి ఆయనవి. అంటే... ఆయన భార్య రాసినవి. అంటే, ఆవిడ రాసినట్టు మనకి అనిపిస్తున్నవి."

ఆ పిల్ల కాసేపు కాగితం కేసీ, నా కేసీ చూసింది.

"అయితే ఇవి కూడా చుక్కలే పెట్టాల్సింది కదా ఆంటీ" అని, ఎవరి జవాబుకీ ఆగకుండా పెన్సిల్ వెతుక్కుంటూ వెళ్లిపోయింది.